యాంటీమ్యాటర్ కిందికే పడింది సరే, మరి ఆ 0.75 సంగతేంటి?

మా మేనల్లుడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మొన్న రాత్రి పదకొండింటికి ఫ్యామిలీ గ్రూపులో ఒక రీల్ పడేశాడు. అందులో ఒకాయన చేతులు తిప్పేస్తూ "యాంటీమ్యాటర్ మామూలు పదార్థం కన్నా 25 శాతం నెమ్మదిగా పడుతుంది, సెర్న్ సైంటిస్టులే తేల్చేశారు, ఐన్‌స్టీన్ పని అయిపోయింది" అని ఊదరగొడుతున్నాడు. దాని కింద వీడి మెసేజ్, "మావయ్యా ఇది నిజమేనా?" అని. నిజం కాదురా అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు కానీ అసలు చిక్కేంటంటే ఆ రీల్‌లో చెప్పిన అంకె నిజమైనదే, 25 శాతం తక్కువంటే 0.75 రెట్లు, జెనీవా దగ్గరున్న కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ వాళ్ళ పరిశోధన పత్రంలో అచ్చయిందే, దానికి ఆయన చెప్పిన అర్థమే తప్పు. ఆ అంకె ఎక్కడ్నుంచి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి, టైపు చేస్తూ పోతే ఇంత పొడుగైంది.

"యాంటీ" అన్నది దేనికి?

1928లో పాల్ డిరాక్ ఎలక్ట్రాన్ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే ఒక సమీకరణం రాశాడు. దాన్ని సాల్వ్ చేస్తే ఎలక్ట్రాన్‌తో పాటు ఇంకో ఆన్సర్ కూడా వచ్చి కూర్చుంది, అచ్చం ఎలక్ట్రాన్ లాగే ఉంటుంది కానీ ఛార్జి మాత్రం పాజిటివ్. 1932లో కార్ల్ ఆండర్సన్ కాస్మిక్ కిరణాల ఫోటోల్లో దాన్ని నిజంగానే పట్టుకున్నాడు, అదే పాజిట్రాన్. 1955లో బర్క్‌లీలో యాంటీప్రోటాన్ దొరికింది. ఒక యాంటీప్రోటాన్ చుట్టూ ఒక పాజిట్రాన్ తిరుగుతుంటే అది యాంటీహైడ్రోజన్, అంటే మన హైడ్రోజన్‌కి అద్దంలో బొమ్మ లాంటిది.

చాలామంది తికమక పడేది ఇక్కడే. "యాంటీ" అనగానే బరువు కూడా మైనస్సేమో అనుకుంటారు. తిరగబడేది ఛార్జి, ఇంకా అలాంటివే కొన్ని గుణాలు. మాస్ రెండిటికీ ఒకటే, ప్లస్సే. పదార్థం, ప్రతిపదార్థం (యాంటీమ్యాటర్‌కి తెలుగు పేరు) ఒకదానికొకటి తగిలితే రెండూ మాయమై ఆ మాస్ అంతా శక్తిగా మారిపోతుంది. మాస్ మైనస్ అయితే కలిసినప్పుడు సున్నా రావాలి కదా, అలా రాదు.

ఇదంతా సినిమాల్లో చూపించేంత దూరపు వ్యవహారం కూడా కాదు. అరటిపండులో ఉండే పొటాషియంలో కొంచెం రేడియోధార్మిక రకం ఉంటుంది, అందువల్ల మామూలు అరటిపండు ఒకటి దాదాపు గంటా పావుకి ఒక పాజిట్రాన్‌ని వదుల్తుంది. హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో క్యాన్సర్ పేషెంట్లకి తీసే పెట్ స్కాన్‌లో ఉన్న "పి" అక్షరం పాజిట్రాన్‌దే.

పైకి పడుతుందేమో అన్న అనుమానం ఎందుకొచ్చింది

గ్రావిటీకి ఒక విచిత్రమైన అలవాటు ఉంది, వస్తువు దేంతో చేశారో పట్టించుకోదు. గాలి లేకపోతే ఇనుమైనా దూదైనా ఒకే వేగంతో పడతాయి. 1971లో అపోలో 15లో వెళ్ళిన డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో ఈక వదిలితే రెండూ ఒకేసారి కింద పడ్డాయి. దీన్నే ఈక్వివలెన్స్ ప్రిన్సిపుల్ అంటారు, తెలుగులో తుల్యతా సూత్రం. ఐన్‌స్టీన్ జనరల్ రిలేటివిటీ మొత్తం దీని మీదే కట్టాడు. మైక్రోస్కోప్ అనే ఫ్రెంచ్ ఉపగ్రహంలో టైటానియం, ప్లాటినం ముక్కల్ని పోల్చి చూస్తే కోటి కోట్లలో ఒక వంతు స్థాయి దాకా, ఇంకా కింద దాకా కూడా తేడా కనపడలేదు.

కానీ ఇప్పటిదాకా చెప్పినవన్నీ మామూలు పదార్థాలే. యాంటీమ్యాటర్‌ని పట్టుకుని వదిలి చూసినవాడు 2022 దాకా ఒక్కడూ లేడు. దీనికి తోడు ఇంకో పాత తలనొప్పి ఉంది, బిగ్ బ్యాంగ్‌లో రెండూ సమానంగా పుట్టి ఉండాలి, మరి యాంటీమ్యాటర్ అంతా ఏమైపోయింది? కొందరికి ఒక ఆలోచన వచ్చింది, ఒకవేళ పదార్థం, ప్రతిపదార్థం గ్రావిటీ వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటాయేమో, అలా విడిపోయి మనకి అందనంత దూరం వెళ్ళిపోయాయేమో, విశ్వం వేగంగా వ్యాకోచించడానికి కూడా అదే కారణమేమో అని. వినడానికి బానే ఉంది, ఒక్క దెబ్బకి రెండు పిట్టలు.

ఇక్కడ ఇంకో పొరపాటు కూడా తరచూ కనపడుతుంది, "సీపీటీ సిమెట్రీ ప్రకారం యాంటీమ్యాటర్ కిందికే పడాలి" అని రాస్తుంటారు. సీపీటీ అంటే ఛార్జి, కుడి ఎడమలు, కాలం దిశ మూడూ ఒకేసారి తిరగేసినా ఫిజిక్స్ మారదన్న నియమం, అది చెప్పేది ఇది కాదు. మామూలు మామిడిపండు మామూలు భూమి మీద ఎలా పడుతుందో, యాంటీ మామిడిపండు యాంటీ భూమి మీద అలాగే పడుతుంది అని చెప్తుంది, అంతవరకే. యాంటీ మామిడిపండు మన భూమి మీద ఎలా పడుతుందన్న దాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. మనకి కావాల్సింది సరిగ్గా అదే.

"చూడాల్సిందేముంది, కిందికే పడుతుంది" అన్నవాళ్ళు

ఫిజిక్స్ వాళ్ళలో చాలామందిది ఈ పక్షమే. వాళ్ళ దగ్గర గట్టి వాదనలే ఉన్నాయి, అందులో నాకు బాగా నచ్చేది 1958లో ఫిలిప్ మారిసన్ చెప్పింది.

యాంటీమ్యాటర్ పైకి పడుతుందనే అనుకోండి. అప్పుడు ఒక ఎలక్ట్రాన్, ఒక పాజిట్రాన్ జతగా పెడితే ఒకటి కిందికి లాగుతుంది ఇంకోటి పైకి లాగుతుంది, మొత్తం బరువు సున్నా. ఆ జతని పదో అంతస్తుకి తీసుకెళ్ళడానికి ఖర్చే ఉండదు. అక్కడ రెండిటినీ కలిపేస్తే వెలుగుగా మారతాయి. ఆ వెలుగుని కిందికి పంపితే గ్రావిటీ వల్ల దానికి కాస్త శక్తి పెరుగుతుంది, ఇది ఊహ కూడా కాదు, 1960 ప్రాంతంలో హార్వర్డ్‌లో పౌండ్, రెబ్కా 22.5 మీటర్ల ఎత్తు మీద కొలిచి చూపించారు. కిందికొచ్చిన వెలుగుతో మళ్ళీ ఒక జత చేస్తే ఇంకా కాస్త శక్తి మిగులుతుంది. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి, ప్రతి ట్రిప్పుకీ ఫ్రీగా శక్తి! కరెంటు బిల్లు కట్టక్కర్లేని లిఫ్ట్ అన్నమాట. అలాంటిది ప్రకృతిలో జరగదు కాబట్టి యాంటీమ్యాటర్ పైకి పడదు.

ఇంకో వాదన ఏంటంటే ప్రోటాన్ బరువులో దాని లోపల ఉండే క్వార్కులనే బుల్లి కణాల సొంత మాస్ వాటా దాదాపు ఒక్క శాతమే, మిగతాదంతా వాటిని అంటిపెట్టి ఉంచే బలం తాలూకు శక్తి. యాంటీప్రోటాన్‌లో కూడా ఆ శక్తి అదే. మరి 99 శాతం సరుకు ఒకటే అయినప్పుడు పడటం మాత్రం తిరగబడి ఎలా ఉంటుంది? పైగా సెర్న్‌లో బేస్ అనే ఒక టీమ్ ఉంది, 2022లో వాళ్ళు ప్రోటాన్‌నీ యాంటీప్రోటాన్‌నీ గడియారాల్లా వాడారు. భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్ళినప్పుడు, దూరమైనప్పుడు రెండు గడియారాలూ ఒకేలా నడుస్తున్నాయా అని చూసి, గ్రావిటీ ప్రభావంలో తేడా ఏదైనా ఉంటే అది 3 శాతం లోపే అని లెక్క తేల్చారు.

ఇన్ని ఉండగా వదిలి చూడటం ఎందుకు అంటే ఎదుటి పక్షం చెప్పేది కూడా కొట్టిపారేసేది కాదు. ఇవన్నీ వేరే దారిలో వచ్చి చెప్పిన సమాధానాలు, ప్రతిదాని వెనకా ఏదో ఒక ఊహ దాగి ఉంటుంది. 1956 దాకా ప్రకృతికి కుడి ఎడమల తేడా లేదన్నది కూడా అందరూ ఒప్పుకున్న మాటే, ఆ ఏడాది చివర్లో చియెన్ షియుంగ్ వూ కోబాల్ట్‌తో చేసిన ప్రయోగంలో అది కాస్తా కూలిపోయింది. గ్రావిటీనీ క్వాంటమ్ మెకానిక్స్‌నీ కలిపే సిద్ధాంతం మన చేతిలో ఇప్పటికీ లేదు. అలాంటప్పుడు చూసి చెప్పడమే మర్యాద అని ప్రయోగాలు చేసేవాళ్ళ మాట, నా ఓటు కూడా వాళ్ళకే.

ఐదు మీటర్ల దూరంలో ఒక్క ఎలక్ట్రాన్

సరే, మరి పాజిట్రాన్‌ని వదిలి చూడటానికి ఇంతకాలం ఎందుకు పట్టింది? లెక్క వేసి చూద్దాం, ఇంటర్ ఫిజిక్స్ చాలు. భూమి ఒక పాజిట్రాన్‌ని లాగే బలం దశాంశ బిందువు తర్వాత 29 సున్నాలు వేసి ఆ తర్వాత 9 పెడితే ఎంతో సుమారు అన్ని న్యూటన్లు. ఇప్పుడు కూలుంబ్ సూత్రం తీసుకుని, ఒక ఎలక్ట్రాన్ ఎంత దూరంలో ఉంటే పాజిట్రాన్ మీద ఇంతే బలం చూపిస్తుందో లెక్కేస్తే సుమారు 5 మీటర్లు వస్తుంది. అంటే హాలు అవతలి గోడ మీద ఎక్కడో దారి తప్పిన ఒకే ఒక్క ఎలక్ట్రాన్ ఉన్నా సరే, మొత్తం భూగోళం లాగినంత బలంగా అది మన పాజిట్రాన్‌ని లాగేస్తుంది! యాంటీప్రోటాన్ ఇంకా బరువు కాబట్టి దానికి ఆ దూరం 12 సెంటీమీటర్లు, అదీ కష్టమే.

అందుకని ఛార్జి లేని యాంటీ అణువు కావాలి, అదే యాంటీహైడ్రోజన్. కానీ దాన్ని తయారు చేయడమే ఒక తపస్సు. 1995లో సెర్న్‌లో మొదటిసారి తయారైనవి తొమ్మిదంటే తొమ్మిది, అవి కూడా కాంతి వేగానికి దగ్గరగా దూసుకుపోయాయి. 2002లో నెమ్మదిగా ఉండేవి చేయగలిగారు. 2010లో సెర్న్‌లోనే ఆల్ఫా అనే టీమ్ 38 అణువుల్ని పట్టి ఉంచింది, ఆ మరుసటేడు పదహారు నిమిషాల పైన నిలబెట్టింది. 2013లో ఇదే టీమ్ పాత డేటా తవ్వి గ్రావిటీ గురించి మొదటి మాట చెప్పింది, ఏమనంటే యాంటీహైడ్రోజన్ కిందికి పడితే మామూలు దానికన్నా 110 రెట్లకి మించి కాదు, పైకి పడితే 65 రెట్లకి మించి కాదు అని. నవ్వొస్తుంది కానీ అప్పటికి అదే గొప్ప.

నిలువుగా నిలబెట్టిన ఉచ్చు

ఇక అసలు ప్రయోగం, దాని పేరు ఆల్ఫా-జీ. జెనీవా దగ్గర సెర్న్‌లో యాంటీప్రోటాన్ డిసెలరేటర్ అని ఉంది, మిగతా సెర్న్ అంతా కణాల్ని పరిగెత్తిస్తుంటే ఇది మాత్రం వాటిని ఆపుతుంది. ప్రోటాన్లని ఇరిడియం దిమ్మకి కొడితే, లక్షల్లో ఒకటి లెక్కన యాంటీప్రోటాన్లు వస్తాయి, వాటిని అక్కడ ఒక దఫా, ఎలీనా అనే ఇంకో రింగులో ఇంకో దఫా నెమ్మది చేస్తారు. పాజిట్రాన్లు రేడియోధార్మిక సోడియం నుంచి వస్తాయి. రెండిటినీ చల్లబరిచి కలిపితే యాంటీహైడ్రోజన్.

దాన్ని గిన్నెలో పెట్టలేం, గోడకి తగిలితే మాయం. ఛార్జి లేదు కాబట్టి కరెంటుతో పట్టుకోలేం. కానీ ప్రతి అణువూ ఒక బుల్లి అయస్కాంతం, కొన్ని అణువులకి అయస్కాంత క్షేత్రం తక్కువ ఉన్న చోటే హాయిగా ఉంటుంది. కాబట్టి చుట్టూ గోడల్లా బలమైన క్షేత్రం, పైన ఒక మూత, కింద ఒక మూత, అన్నీ కాయిల్స్‌తోనే పెడితే అణువు మధ్యలో ఉండిపోతుంది. ఇంతకుముందు ఆల్ఫా ఉచ్చులు అడ్డంగా పడుకుని ఉండేవి, దీన్ని నిలబెట్టారు. పై మూతకీ కింది మూతకీ మధ్య 25.6 సెంటీమీటర్లు, స్కూలు స్కేలు కన్నా తక్కువే. నాలుగు గంటలు కష్టపడి పోగేస్తే లోపల వంద అణువులు చేరతాయి. వందే!

అప్పుడు రెండు మూతల్నీ 20 సెకన్లలో మెల్లగా తెరుస్తారు. పైనుంచి ఎన్ని పోయాయి, కిందినుంచి ఎన్ని పోయాయి అన్నదే లెక్క. బయటికి పోయిన అణువు గోడకి తగిలి పేలినప్పుడు పయాన్లనే కణాలు చిమ్ముతాయి, చుట్టూ ఉన్న డిటెక్టర్ వాటి దారుల్ని వెనక్కి గీసి ఎక్కడ పేలిందో చెప్పేస్తుంది.

వంద వదిలితే వంద కిందికి పోవాలి కదా అనిపిస్తుంది. పోవు. ఈ ఉచ్చు సుమారు అర కెల్విన్ దాకా ఉన్న అణువుల్ని పట్టుకోగలదు, అంటే మైనస్ 273 డిగ్రీలకి దగ్గర దగ్గర చలి, అయినా అంత శక్తి ఉన్న హైడ్రోజన్ సెకనుకి వంద మీటర్ల వేగంతో ఎగురుతూ ఉంటుంది. పావు మీటరు కింద పడితే వచ్చే వేగం సెకనుకి రెండు మీటర్ల చిల్లర. అంటే డబ్బాలో పిచ్చిగా ఎగురుతున్న రబ్బరు బంతుల్లాంటివి, మూతలు తీస్తే కొన్ని పైకి కూడా పోతాయి. మామూలు హైడ్రోజన్‌ని ఇదే ఉచ్చులో వదిలితే ఎలా ఉంటుందో కంప్యూటర్లో చేసి చూస్తే దాదాపు 80 కిందికి, 20 పైకి అని వచ్చింది.

కంసాలి త్రాసు లెక్క

ఇక్కడే అసలు తెలివి ఉంది, కాసేపు ఆగి చూడండి.

మూతల దగ్గర క్షేత్రం ఒక టెస్లా పైనే ఉంటుంది (టెస్లా, గాస్ అయస్కాంత క్షేత్రానికి కొలమానాలు, ఒక టెస్లా అంటే పదివేల గాస్), ఆస్పత్రిలో ఎమ్మారై మెషీన్ స్థాయి. పై మూతకీ కింది మూతకీ కొంచెం తేడా ఉన్నా అణువులు బలహీనమైన మూత వైపుకి పోతాయి, అదేదో గ్రావిటీ చేసిందనుకుని మనం మోసపోతాం. ఎంత తేడా ఉంటే గ్రావిటీకి సమానం అవుతుంది? అణువు మాస్, జీ (భూమి గ్రావిటీ వల్ల వచ్చే త్వరణం), 25.6 సెంటీమీటర్లు, ఈ మూడూ గుణించి అణువు తాలూకు అయస్కాంత బలంతో భాగిస్తే సుమారు 4.5 గాస్ వస్తుంది. మూతల దగ్గర ఉన్నది పదిహేడు వేల గాస్ వరకు. ఫ్రిజ్‌కి అంటించే బొమ్మ అయస్కాంతం కూడా 4.5 గాస్ కన్నా గట్టిది. లారీని తూచే వేబ్రిడ్జి మీద లారీతో పాటు దాన్లో ఉన్న మూడు కిలోల బియ్యం మూటని కూడా విడిగా తేల్చి చెప్పమన్నట్టు ఉంటుంది పని.

అయితే ఇదే ఇబ్బందిని వాళ్ళు పనిముట్టుగా మార్చుకున్నారు. కంసాలి ఏం చేస్తాడు, ఒక పళ్ళెంలో ఉంగరం వేసి రెండో పళ్ళెంలో గింజలు వేస్తూ పోతాడు, ముల్లు మధ్యకి రాగానే ఆపుతాడు. వీళ్ళు కూడా కావాలనే మూతల మధ్య తేడా పెట్టి, అయస్కాంతంతో ఒకసారి కిందికి ఒకసారి పైకి నెట్టి చూశారు. కిందికి 3 జీ నుంచి పైకి 3 జీ దాకా మెట్లుమెట్లుగా. (జీ అంటే నెట్‌వర్క్ అనుకునేరు, భూమి గ్రావిటీ ఒక రెట్టు, రెండు రెట్లు, అలా.) కిందికి 3 జీ నెడితే దాదాపు అన్నీ కిందికే పోతాయి, పైకి 3 జీ నెడితే దాదాపు అన్నీ పైకే. మధ్యలో ఎక్కడో సగం పైకి సగం కిందికి పోయే చోటు ఒకటి వస్తుంది, అక్కడ అయస్కాంతం పైకి నెట్టే బలం, గ్రావిటీ కిందికి లాగే బలం సరిసమానం అన్నమాట.

యాంటీమ్యాటర్ మామూలుగా పడేదైతే ఆ చోటు పైకి 1 జీ నెట్టినప్పుడు రావాలి. గ్రావిటీ దాన్ని అసలు పట్టించుకోకపోతే సున్నా దగ్గర. పైకి పడేదైతే అయస్కాంతమే కిందికి 1 జీ నెట్టాలి.

0.75 అంటే ఏంటి, ఏంటి కాదు

2023 సెప్టెంబర్ 27న నేచర్ పత్రికలో వచ్చిన ఫలితం ఇది, త్రాసు ముల్లు 0.75 జీ దగ్గర నిలబడింది. దాని పక్కనే రెండు అంకెలు ఉన్నాయి, రీల్ ఆయన వాటిని చదవలేదు, చదివినా చెప్పలేదు. ప్లస్ ఆర్ మైనస్ 0.13, ఇది కొలతలో వచ్చే తప్పు. ఇంకో ప్లస్ ఆర్ మైనస్ 0.16, ఇది కంప్యూటర్ సిమ్యులేషన్ వల్ల వచ్చే తప్పు, ఉచ్చులో ప్రతి మూలా క్షేత్రం ఎంతుందో కచ్చితంగా తెలీదు కాబట్టి.

రెండు తప్పుల్నీ ఊరికే కూడకూడదు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి, అప్పుడు సుమారు 0.21 వస్తుంది. ఇప్పుడు చూడండి. 0.75 నుంచి 1కి దూరం 0.25, అంటే తప్పు పరిమాణానికి ఒకటింపావు రెట్లు కూడా లేదు. అసలు జవాబు 1 అయి ఉన్నా ఇలాంటి కొలత రావడం మామూలే, ఆశ్చర్యపోయేదేం లేదు. సున్నాకి దూరం 0.75, అంటే మూడున్నర రెట్లు. గ్రావిటీ అసలు లేకుండా ఇలాంటి డేటా వచ్చే అవకాశం పదివేలలో మూడు అని పేపర్లోనే లెక్క ఇచ్చారు. మైనస్ 1కి దూరం 1.75, ఎనిమిది రెట్ల పైన, ఆ అవకాశం ఎంత తక్కువంటే దానికి అంకె చెప్పడం కూడా దండగ.

బరువు చూసే మెషీన్ ఒకటి ఇరవై కిలోలు అటూ ఇటూ చూపిస్తుందనుకోండి, దాని మీద మీరు ఎక్కితే 75 చూపించింది, డాక్టర్ దగ్గర పోయినసారి 90 ఉంది. పదిహేను కిలోలు తగ్గానని స్వీట్లు పంచుతారా? కానీ మీ బరువు మైనస్ 75 అయితే కాదని ఆ దిక్కుమాలిన మెషీనే గట్టిగా చెప్పగలదు. ఆల్ఫా-జీ చెప్పింది అది. దిక్కు చెప్పింది, పరిమాణం ఇంకా చెప్పలేదు.

కాబట్టి పైకి పడే యాంటీమ్యాటర్ కథ, దాంతో విశ్వంలో యాంటీమ్యాటర్ ఎక్కడికో నెట్టబడిందన్న కథ దాదాపుగా ముగిశాయి. యాంటీమ్యాటర్ ఏమైపోయిందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది, దానికి జవాబు ఇంకెక్కడో వెతకాలి. తుల్యతా సూత్రం "నిరూపించబడింది" అని రాసిన వార్తాపత్రికలు కూడా కాస్త తొందరపడ్డట్టే. టైటానియం, ప్లాటినాలకి చేసిన కొలత ముందు ఇది చాలా మొరటు కొలత. 0.9 అయినా 1.1 అయినా ఈ డేటాతో పేచీ లేదు. క్వార్కుల వాదన గుర్తుందా, తేడా ఏదైనా ఉంటే అది క్వార్కుల వాటాలోనే ఉండాలి అనుకుంటే ఒక్క శాతం స్థాయికి దిగితే గానీ కనపడదు.

ఒక శాతానికి దారి

ఆ ఒక శాతమే ఇప్పుడు ఆల్ఫా టీమ్ గురి. మొదటి అడ్డంకి అణువుల వేడి, చల్లబరిస్తే నెమ్మదిస్తాయి, నెమ్మదిస్తే గ్రావిటీ వాటా పెద్దగా కనపడుతుంది, 2021లోనే వాళ్ళు యాంటీహైడ్రోజన్‌ని లేజర్‌తో చల్లబరిచి చూపించారు. రెండోది సంఖ్య. పాజిట్రాన్లని బెరీలియం అయాన్లతో కలిపి ఇంకా చల్లబరిచే పద్ధతి ఒకటి పెట్టి, ఏడు గంటల లోపు 15,000 పైగా యాంటీహైడ్రోజన్లు పోగేయగలిగామని 2025 నవంబర్‌లో ప్రకటించారు. నాలుగు గంటలకి వంద అన్న రోజులతో పోల్చుకుంటే ఆ తేడా ఏంటో మీకే తెలుస్తుంది.

అదే హాల్లో ఇంకో రెండు టీములు కూడా ఉన్నాయి. ఏజిస్ వాళ్ళు యాంటీహైడ్రోజన్‌ని అడ్డంగా పంపి, సన్నని జాలీల గుండా పోయేటప్పుడు ఎంత వంగిందో చూద్దామంటున్నారు. జీబార్ వాళ్ళది ఇంకో దారి, యాంటీహైడ్రోజన్‌కి ఇంకో పాజిట్రాన్ తగిలించి అయాన్‌గా మార్చి, అయాన్ కాబట్టి కరెంటుతో పట్టుకుని, ఒక డిగ్రీలో లక్షో వంతు దాకా చల్లబరిచి, అప్పుడు లేజర్‌తో ఆ అదనపు పాజిట్రాన్‌ని ఊడగొట్టి, దాదాపు కదలకుండా నిలబడి ఉన్న అణువుని చటుక్కున వదిలేయాలని. ఇరవై సెంటీమీటర్లు పడటానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని చూసినట్టే, మా మేనల్లుడు ల్యాబ్‌లో చేసే ప్రయోగం లాగే.